కాలువ వైపు కుందేళ్లు

నవంబరు 3, గురువారం

గాలి ఈశాన్యం నుంచి. పొద్దున్నే మా చర్చి పెద్ద డీకన్ బెల్ ఫోను చేసి, కోతకు ముందు ఎండాకు పోయేలా పంపు హౌసు వెనక చెరకు ఇవాళ కాలుస్తున్నారని చెప్పాడు. తీగ మీది బట్టలన్నీ లోపలికి తెచ్చాను. చర్చికి కట్టుకునే తెల్ల బట్టల మీద ఆ నల్ల నుసి పడిందంటే ఏ సబ్బుకూ వదలదు.

తరవాత నేను కూడా వెళ్లాను. డెబ్బై మూడేళ్ల మనిషికి, జీవితమంతా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషికి, కాలే చెరకుతోట దగ్గర పనేమీ లేదు. కానీ టవారిస్ వెళ్దామన్నాడు. మోకాలికి రెండోసారి ఆపరేషను చేయించుకుని, ఫుట్‌బాల్ పెద్ద లీగు వాళ్లు వద్దని పంపేశాక, ఏప్రిల్లో ఇంటికి వచ్చిన నా మనవడు ఇన్నాళ్లకు నోరు తెరిచి ఒక చోటికి వెళ్దామన్నాడు. వెళ్లాను. తోలు బూట్లు వేసుకునే వెళ్లాను. ఈ వయసు ఆడవాళ్లు కాన్వాసు బూట్లు తొడుక్కుని ఊళ్లో తిరగడం నేను ఒప్పుకోను.

చెరకుకు ఎదురుగా నిలబడితే కుడి చేతి వైపు రోడ్డు, ఎడమ చేతి వైపు కాలువ. నిప్పు పెట్టగానే, మంటకు బయటికి పరుగెత్తే కుందేళ్ల కోసం పిల్లలంతా మడి చివర బారుగా నిలబడ్డారు. కర్ర పట్టుకున్న ఒకణ్ణి చూసి కర్ర పారేయించాను. కర్రతో కొట్టిన కుందేలు ఈ ఊళ్లో లెక్కకు రాదు, చేత్తో పట్టిందే కుందేలు. టవారిస్ చెప్పులు విప్పి వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడ్డాడు. పిల్లలు ఇటూ అటూ జరిగి చోటిచ్చారు. చర్చిలో పాస్టరుగారికి ఇచ్చినట్టు.

మూడు పట్టాడు. మొదటిది పొగలోంచి దూసుకొచ్చి రోడ్డు వైపు తిరిగింది. వాడు దానికంటే ముందే తిరిగాడు. కుందేలు ఎటు తిరగాలనుకుంటోందో కుందేలుకంటే ముందు తెలిసినట్టు. ఆ చేతులు కిందికి వెళ్లిన తీరు నేను టీవీలో చూసిందే. తల వెనక నుంచి గాలిలో వచ్చిన బంతిని, చూడకుండా, పువ్వు కోసినట్టు వేళ్లతో అందుకునేవాడు. అచ్చం అదే.

"టీచరమ్మా, చూశారా? ఆ కాలు పనికిరాదన్నది ఎవరట?" అన్నాడు డీకన్ బెల్.

"చూశాను."

"మీరు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు."

"చలిగా ఉంది."

"మంట పక్కన నిలబడా?"

తోట కాల్చే ట్రాక్టరు నడిపి నడిపి ఆ మనిషికి మర్యాద కూడా కాలిపోయింది.

పట్టిన మూడూ రోడ్డు వైపు తిరిగినవే. కాలువ వైపు తిరిగిన వాటిని వాడు చిన్నపిల్లలకు వదిలేశాడు. నా పెంపకం అలాంటిది.

రాత్రి మిరియప్పొడి పిండిలో దొర్లించి వేయించాను. ఇద్దరమే తిన్నాం, ఏమీ మిగల్లేదు. తరవాత వాడు స్నానానికని వెళ్లి చాలాసేపు ఉన్నాడు. పడుకోబోతూ మంచినీళ్లలోకి ఐసు కోసం చూస్తే ఫ్రిజ్జులో ఒక్క ఐసు ముక్క లేదు. రేపు అడగాలి.

నవంబరు 4, శుక్రవారం

ఐసు సంగతి అడగలేదు.

నవంబరు 5, శనివారం

ఈ రోజు జరిగింది వరసగా రాయాలి, లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

మధ్యాహ్నం ఆకుకూర తరుగుతున్నాను. టవారిస్ తను పనిచేసే టైర్ల కొట్లోంచి పనిమధ్యలో వచ్చేశాడు, చేతులకు గ్రీజు అలాగే ఉంది. పరుగెత్తుకుంటూ వచ్చాడు అని రాయబోయాను. త్వరగా నడిచి వచ్చాడు.

"అమ్మమ్మా, కూర్చో."

"నాకు నిలబడటం వచ్చు. విషయం చెప్పు."

"ఫీల్డ్స్ ఫోను చేశాడు."

ఫీల్డ్స్ అంటే వాడి వ్యవహారాలు చూసిన ఏజెంటు. వాడి కాలు దెబ్బతిన్నాక క్రిస్మస్ కార్డు కూడా పంపనివాడు.

"ఏమంటాడు?"

"ఉత్తరాన ఒక జట్టులో నాలాగే పరుగెత్తి బంతి అందుకునే రిసీవర్లు ఇద్దరికి దెబ్బలు తగిలాయట. ఇరవై రెండో తారీఖు మంగళవారం నన్ను రమ్మంటున్నారు. పరుగెత్తించి చూస్తారట."

"చూడటానికా, తీసుకోవడానికా?"

"చూడటానికే."

"అయితే సంతోషించడానికి ఇంకా టైముంది. చేతులు కడుక్కో, భోజనం చెయ్యి."

వాడు చేతులు కడుక్కున్నాడు. నేను బాత్రూములోకి వెళ్లి తలుపు గడియ పెట్టి, కుళాయి పూర్తిగా తిప్పి, మందపాటి తువ్వాలులో మొహం పెట్టుకుని అరిచాను. మళ్లీ ఇంకోసారి అరిచాను. తరవాత జుట్టు సర్దుకుని వచ్చి మొక్కజొన్న రొట్టె వడ్డించాను.

"లోపల ఏదో చప్పుడైంది," అన్నాడు.

"పాత గొట్టాలు," అన్నాను.

నవంబరు 6, ఆదివారం

చర్చిలో అప్పుడే అందరికీ తెలిసిపోయింది. నేను ఎవరికీ చెప్పలేదు, డీకన్ బెల్‌కు తప్ప. పాస్టరుగారు టవారిస్‌ను ముందుకు పిలిచి, మోకరించి, స్వయంగా వాడి మోకాలికి నూనె రాసి ప్రార్థన చేశారు. ఊరంతా లేచి నిలబడి చేతులు చాపింది. డ్రమ్ములు వాయించే అబ్బాయి ఆగనే లేదు. నా తెల్ల చేతితొడుగు తడిసిపోయేలా ఏడ్చాను.

నూనె ఎడమ మోకాలికి రాశారు. దెబ్బ తగిలింది కుడిది. అంత ప్రార్థన మధ్యలో చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నాను. టవారిస్ కూడా ఊరుకున్నాడు.

నవంబరు 8, మంగళవారం

టవారిస్ తల్లి వర్లీన్ ఫోను చేసింది. కన్నకూతురైనా ఇన్నేళ్లు నర్సుగా చేసి చేసి తల్లితో కూడా రోగితో మాట్లాడినట్టే మాట్లాడుతుంది.

"అమ్మా, వాణ్ణి వెళ్లనిస్తున్నావా?"

"ఇరవై ఐదేళ్లవాణ్ణి నేను వెళ్లనిచ్చేదేమిటి?"

"డాక్టరు మాట మర్చిపోయావా? ఇంకొక్కసారి తెగితే బాగుచెయ్యడానికి లోపల ఏమీ మిగల్లేదన్నాడు. జీవితాంతం కర్ర పట్టుకుని నడవాలన్నాడు. నీ పక్కనే ఉన్నాను నేను, ఆ మాట అన్నప్పుడు."

"మూడు కుందేళ్లు పట్టాడే."

"ఏమిటీ?"

"కుందేళ్లు. ఉత్త చేతులతో. నువ్వు చూడలేదు."

"అమ్మా, ఆస్పత్రిలో కుందేలు పరీక్ష అని ఒకటి ఉండదు."

"ఆస్పత్రి వాళ్లకు తెలియనివి చాలా ఉన్నాయి," అని ఫోను పెట్టేశాను. మా ఊరి పక్క సరస్సు గట్టున పుట్టిన మనిషి అలా మాట్లాడటం ఎంత అన్యాయం. మా ఊరి నుంచి పెద్ద లీగుకు వెళ్లిన ప్రతి కుర్రవాడూ ఈ నల్లమట్టిలో కుందేళ్ల వెనక పరుగెత్తి ఆ కాళ్లు తెచ్చుకున్నాడు. కుందేలుకు జాలి ఉండదు. కాలు బాగుండకపోతే దొరకదు. దొరికింది.

నవంబరు 9, బుధవారం

ఆ డాక్టరు చాలా చిన్నవాడు. ముప్ఫై ఐదు కూడా నిండి ఉండవు.

నవంబరు 12, శనివారం

మళ్లీ తోట. ఈసారి ఊరు ఊరే వచ్చింది. మడత కుర్చీలు, చేపల వేపుడు, పాటలు. టైర్ల కొట్టు ముందు వాడి పేరు రాసిన గుడ్డ కట్టారు, వచ్చేటప్పుడు చూశాను. పేరులో అక్షరం తప్పు లేదు, అది చాలు.

నేను రోడ్డు వైపు మడత కుర్చీలో కూర్చున్నాను. డీకన్ బెల్ కుర్చీ తెచ్చి పక్కనే వేసుకున్నాడు. చుట్టూ చేరిన పిల్లలకు కథలు మొదలుపెట్టాడు.

"ఈ టీచరమ్మ అంటే మీకు లెక్కల టీచరని తెలుసు. పదకొండేళ్లప్పుడు గౌను నడుముకు చుట్టుకుని మగపిల్లలందర్నీ వెనకేసిందని తెలుసా? నేను రోడ్డు వైపు. ఆవిడ కాలువ వైపు. కాలువ వైపు తిరిగిన కుందేలు ఒక్కటి నాకు దక్కితే ఒట్టు."

"అబద్ధాలు చెప్పకండి, హోజియా బెల్."

"వాళ్లమ్మ బెత్తం పట్టుకుని వచ్చేది పాపం. దొరికితేగా."

పిల్లలు నా తోలు బూట్ల వంక చూసి నవ్వారు. నేను నవ్వలేదు. చాలా కష్టపడి నవ్వలేదు.

టవారిస్ రెండు పట్టాడు. రెండోదాన్ని పట్టినప్పుడు నేల మీద దొర్లి లేచి దాన్ని తల పైకెత్తాడు. జనం వేసిన కేకకు కాలువలో కొంగలు లేచిపోయాయి. నేను కుర్చీలోంచి ఎప్పుడు లేచానో నాకు గుర్తు లేదు. చేపల పళ్లెం ఎక్కడ పడిందో కూడా.

రెండూ రోడ్డు వైపువే.

నవంబరు 14, సోమవారం

సాయంత్రం స్కూలు మైదానంలో సాధన మొదలైంది. బంతి విసిరేది డీకన్ బెల్. ఆయన విసిరిన బంతులు సగం పక్క ఊరికి పోతున్నాయి, అయినా వాడు అందుకుంటున్నాడు. నేను ట్రక్కులో కూర్చుని, కాగితం మీద గీసుకున్న పరుగులు ఒక్కొక్కటే పిలిచాను. నేరుగా. కుడికి. వెనక్కి తిరిగి. ఎడమకి అని పిలిస్తే, "అది రేపు చేద్దాం అమ్మమ్మా," అన్నాడు. సరే అన్నాను.

ఇంటికొచ్చి జామపండ్ల డఫ్, పండ్లు పెట్టి చుట్టిన తీపి పిండిముద్ద, ఉడికించాను. పండగకు తప్ప చెయ్యనిది. గిన్నెలు తోముతుంటే వాడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఏమిటన్నాను. ఏమీ లేదన్నాడు.

నవంబరు 15, మంగళవారం

కుడి పరుగులు అద్భుతం. ఎడమవి రేపు.

నవంబరు 16, బుధవారం

వాన. ఎడమవి రేపు.

నవంబరు 17, గురువారం

నేల ఇంకా తడిగా ఉంది. అది కూడా మంచిదే, తడినేల మీద జారితే ప్రమాదం. వాడి ప్రయాణానికి కొత్త కోటు తెచ్చాను. అక్కడ మంచు పడుతుందట. కోటు వేసుకుని అద్దం ముందు నిలబడితే పదహారేళ్లప్పటిలా ఉన్నాడు. నేను సంతోషంగా ఉన్నాను. ఇంత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తు చేసుకోబోతే తట్టడం లేదు.

ఐసు సంచులు వాడు టైర్ల కొట్టు ఫ్రిజ్జులో దాచుకుంటున్నాడని డీకన్ బెల్ మాటల్లో అన్నాడు. వేసవి కదా అన్నాను. నవంబరు, టీచరమ్మా, అన్నాడు.

నవంబరు 19, శనివారం

వాడు బయలుదేరే ముందు ఇదే ఆఖరి తోట. సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ల నుంచి కూడా ట్రక్కులు వచ్చాయి.

నేను కాలువ గట్టు మీద నిలబడ్డాను. పొగ రోడ్డు వైపు కొడుతోంది, నాకు పొగ పడదు. డీకన్ బెల్‌కు అదే చెప్పాను. ఆయన గాలి వంక చూశాడు, నా వంక చూశాడు. పొగ కాలువ వైపే కొడుతోంది.

మంట ఎత్తుగా లేచింది. కుందేళ్లు రావడం మొదలైంది. ఒకటి రోడ్డు వైపు, టవారిస్ పట్టాడు. కేకలు. ఒకటి కాలువ వైపు, చిన్నపిల్లలు వెంటపడ్డారు, దొరకలేదు. అప్పుడు ఒక పెద్దది, ఇంత పెద్దది నేను ఈ మధ్య చూడలేదు, సరిగ్గా వాడి ఎదురుగా పొగలోంచి వచ్చి ఆగింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. అది వాడిదే. ఊరంతా చూస్తోంది.

కాలువ వైపు తిరిగింది.

దాని వెనకే వాడి చూపు తిరిగి నా మీద పడింది. నేనక్కడ ఉంటానని వాడు అనుకోలేదు. ఒక్క క్షణం ఇద్దరం చూసుకున్నాం. తరవాత వాడు పళ్లు బిగించి కుడికాలు నేలలో నాటాడు. ఎడమకి తిరగాలంటే ఒంటి బరువంతా కుడికాలి మీదే పడాలి. ఇంత చిన్న లెక్క నాకు పదహారు రోజులుగా రానట్టు నటించాను. ఆ మోకాలు ఊడిన తలుపు బందులా లోపలికి వంగడం ఇంత దూరం నుంచి కూడా నాకు కనిపించింది.

"వదిలెయ్," అని అరిచాను.

క్లాసులో కూడా నేనెప్పుడూ అరవలేదు. చూస్తే చాలేది. ఈ అరుపు మంట చప్పుడు మీదుగా రోడ్డు దాకా వెళ్లింది. పాటలు ఆగిపోయాయి.

వాడు వదిలేశాడు. కాలి మీంచి బరువు తీసేసి, పక్కకు ఒరిగి, బూడిదలో కూర్చుండిపోయాడు. కుందేలు నా బూట్ల పక్క నుంచే కాలువ గట్టు ఎక్కి పోయింది.

నేను దగ్గరికి వెళ్లేసరికి వాడు రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఉన్నాడు. "తెగిందా?" అన్నాను. "లేదు. ఇంకో అంగుళం పోతే తెగేది," అన్నాడు. డీకన్ బెల్ వచ్చి ఒక చెయ్యి అందించాడు, ఈసారి ఏ జోకూ వెయ్యకుండా.

ఇంటికి వచ్చాక వంటింట్లో కూర్చున్నాం. ఐసు సంచి తెచ్చి నేనే వాడి మోకాలి మీద పెట్టాను.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు.

"మొదటి రోజు నుంచి."

"మరి చెప్పలేదేం?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

వాడు ఐసు సంచి సర్దుకున్నాడు. "నువ్వు పాడుతున్నావు అమ్మమ్మా. ఆ రోజు గిన్నెలు తోముతూ పాడావు. నేను పుట్టాక నువ్వు పాడటం వినలేదు. ఏం చెప్పమంటావు?"

నేను పాడిన సంగతి నాకు తెలియదు. ఈ డైరీలో కూడా లేదు.

"మంగళవారం వాళ్లు నిన్ను మొదట ఎటు తిప్పుతారు?" అని అడిగాను.

"ఎడమకే."

"ఖాయమా?"

"కుడి మోకాలే కదా వాళ్లు చూడాల్సింది. వాళ్లకు తెలుసు. నువ్వు వెళ్లమంటే వెళ్తాను."

"నేను వెళ్లమనను. వెళ్లొద్దనీ అనను. నేను చూసింది మాత్రం చెప్తాను. కుడికి తిరిగితే నీ అంతవాడు ఈ దేశంలో లేడు. ఎడమకి తిరిగితే నీకు కాలు లేదు."

వాడు నవ్వబోయాడు, కుదరలేదు. అప్పుడు నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ఏప్రిల్లో ఇంటికి వచ్చినప్పుడు కూడా ఏడవనివాడు. నా చొక్కా అంతా బూడిద అయింది. అవనిచ్చాను.

నవంబరు 20, ఆదివారం

చర్చికి వెళ్లకముందే ఫీల్డ్స్‌కు వాడే ఫోను చేసి రానని చెప్పాడు. ఫోను పెట్టేశాక వాడి భుజాలు కిందికి దిగాయి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చెరకు మోసినవాడు మోపు దించినట్టు.

చర్చిలో పాస్టరుగారు మోకాలు ఎలా ఉందని అడిగారు. టవారిస్ ఎడమ మోకాలు వంచి చాచి చూపించాడు. "మీరు నూనె రాసింది బ్రహ్మాండంగా ఉంది పాస్టరుగారూ," అన్నాడు. ఆయన దేవునికి స్తోత్రం అన్నారు. నేను పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

నవంబరు 21, సోమవారం

టైర్ల కొట్టు ముందు గుడ్డ వాడే విప్పి మడత పెట్టి తెచ్చాడు. ఊళ్లో కొందరు నాతో మాట్లాడటం లేదు. ఆ కేక వెయ్యకపోతే వాడు వెళ్లేవాడంటున్నారట. నిజమే, వెళ్లేవాడు.

రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. కోటు ఎవరికివ్వాలో తెలియడం లేదు.

నవంబరు 22, మంగళవారం

ఈ రోజు ఉత్తరాన ఆ మైదానంలో వాడు ఉండాల్సిన రోజు. పొద్దున్న ఇద్దరం ఆ మాట ఎత్తకుండా అటుకాసేపు ఇటుకాసేపు తిరిగాం. ఫోను మోగితే ఇద్దరం ఉలిక్కిపడ్డాం. డీకన్ బెల్.

"గాలి తిరిగింది టీచరమ్మా. చర్చి వెనక మడి ఇప్పుడే కాలుస్తున్నారు. వచ్చే పనైతే రండి, ఏడ్చే పనైతే ఇంట్లోనే ఉండండి."

టవారిస్ నా వంక చూశాడు. నేను తాళంచెవులు తీసుకున్నాను.

పనిరోజు కాబట్టి జనం లేరు. బడి ఎగ్గొట్టిన నలుగురైదుగురు పిల్లలు, నన్ను చూసి డీకన్ బెల్ వెనక దాక్కున్నారు. పేర్లన్నీ నాకు తెలుసు, రేపు చూస్తాను. టవారిస్ మడిలోకి దిగలేదు. గట్టు మీద కర్ర ఆనించుకుని నిలబడి పిల్లల మీద కేకలు వేస్తున్నాడు.

"చెవులు చూడకురా. చెవులు అబద్ధం చెప్తాయి. నడుము చూడు, నడుము. అది ఎటు తిరిగితే అటే."

ఒక పిల్లాడు రోడ్డు వైపు తిరిగినదాన్ని పట్టాడు. టవారిస్ గాలిలోకి పిడికిలి విసిరాడు, వాడి మొహం చూడాలి. ఆటలో బంతి తనే అందుకున్నట్టు.

అప్పుడు కాలువ వైపు ఒకటి వచ్చింది. అటు ఎవరూ లేరు. నేను తప్ప.

"అమ్మమ్మా, నీదే," అని అరిచాడు టవారిస్.

ఏమైందో వరసగా రాయలేను. గౌను ఎత్తి నడుముకు చెక్కుకున్నట్టు గుర్తు. హోజియా ఎక్కడో వెనక నుంచి "పోతోంది పోతోంది, ఎర్నెస్టీన్," అనడం గుర్తు. అరవై ఏళ్ల తరవాత ఆ మనిషి నన్ను పేరు పెట్టి పిలవడం అదే. కుందేలు నడుము ఎడమకి తిరిగింది, నేను కుడికాలు నాటి ఎడమకి తిరిగాను, నిజంగా తిరిగాను, తోలు బూటు నల్లమట్టిలో ఉండిపోయింది, నేను మాత్రం ముందుకు వెళ్లాను. నా చేతుల్లో వెచ్చగా, గుండె కొట్టుకుంటూ ఒక ప్రాణం. ఒక్క ఊపిరి పీల్చేంతసేపు. అంతలో అది తన్ని జారిపోయింది. నేను బోర్లా పడ్డాను.

లేచేసరికి కళ్లజోడు లేదు, నోట్లో బూడిద. టవారిస్ కర్ర పారేసి కుంటుకుంటూ వచ్చాడు.

"ఏమైనా విరిగిందా అమ్మమ్మా?"

"చేతికి దొరికింది," అన్నాను. "నువ్వు చూశావా? దొరికింది."

"చూశాను. కానీ చేతులు ముందే మూశావు. అది వచ్చి వాలాక మూయాలి." నా చేతులు రెండూ పట్టుకుని వేళ్లు ఎలా విప్పి ఉంచాలో చూపించాడు. బూడిదలో మోకాళ్ల మీద కూర్చుని, ఆ పెద్ద లీగు వాళ్లంతా ఇప్పుడే వచ్చి నన్ను చూడబోతున్నంత శ్రద్ధగా చూపించాడు. తరవాత మొదలుపెట్టాడు నవ్వడం. నవ్వి నవ్వి గట్టుకు ఆనుకున్నాడు. ఏప్రిల్ నుంచి నేను ఎదురుచూసింది ఈ నవ్వు కోసమని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఇద్దరం సోఫా మీద కూర్చున్నాం. వాడి కుడి మోకాలి మీద ఒక ఐసు సంచి, నా కుడి మోకాలి మీద ఒకటి. వర్లీన్‌కు ఫోను చేసి చెప్తే ముందు మోకాలు వంచి చూడమంది. తరవాత, "దొరికిందా?" అని అడిగింది.

గురువారం కూడా గాలి ఇలాగే ఉంటుందట. కాన్వాసు బూట్లు కొనడానికి నా సైజు ఏమిటని టవారిస్ అడుగుతున్నాడు. ఏడున్నర.